వీసా కాగితాలు మనమే చేసుకోవాలా, ఏజెంటుకు ఇవ్వాలా? కడప నుంచి పోయేవాళ్లకు నా సలహా

మా ఇంట్లో ఏడాది తేడాతో ఇద్దరివి వీసా కాగితాలు నేనే చూసుకున్నాను. తమ్ముడు ఎమ్మెస్ చదవడానికి జర్మనీ పోయాడు, మా పిన్ని కొడుకు ఇంటి డ్రైవర్ పనికి కువైట్ పోయాడు. ఒకరిది యూనివర్సిటీ కాగితాలతో టెన్షన్, ఇంకొకరిది ఎమిగ్రేషన్‌తో టెన్షన్. రెండూ అయ్యాక వెనక్కి చూసుకుంటే, కడపలో ఇంట్లో కూర్చుని చేసుకోగలిగిన పనికి వేలు పోశాం, నిజంగా ఖర్చు పెట్టాల్సిన చోట వెనకాడాం. మా వీధిలోనే ఇప్పుడు ఇంకో ముగ్గురు అదే దారిలో ఉన్నారు, అందుకే రాస్తున్నాను.

ముందే చెప్పేస్తా. మీ పేరు, మీ పుట్టిన తేదీ, మీ డబ్బు, మీ సంతకం ఉండే ప్రతి పని మీరే చేసుకోండి. దూరం పోయి వరుసలో నిలబడి ముద్ర వేయించుకొచ్చే పని మాత్రం డబ్బులిచ్చి ఎవరికైనా అప్పగించొచ్చు. కింద రాసిందంతా ఈ మాటకు లెక్కలే.

పేరు సంగతి తేలకుండా ఏదీ మొదలుపెట్టొద్దు

మనవైపు ఇది పెద్ద సమస్య. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పాన్‌లో వెనక్కి పోతుంది, బ్యాంకులో అసలు ఉండదు. "వెంకటసుబ్బయ్య" ఒకచోట ఒకే పదం, ఇంకోచోట రెండు పదాలు. ఊళ్లో ఎవరికీ పట్టని ఈ తేడా వీసా ఆఫీసులో మాత్రం ఇద్దరు వేరే మనుషుల్లా కనిపిస్తుంది.

దీనికి మూడు దారులున్నాయి. పదో తరగతి సర్టిఫికెట్‌ను మార్చుకోవడం ఒకటి. బోర్డు తప్పును, అంటే బడి రికార్డుకూ సర్టిఫికెట్‌కూ ఉన్న తేడాను సరిచేయించుకోవచ్చేమో గానీ, మనకు ఇప్పుడు నచ్చిన విధంగా పేరు మార్చమంటే ఆ పని తెమలదు. రెండోది నోటరీ అఫిడవిట్, "ఈ రెండు పేర్లూ నావే" అని స్టాంపు పేపరు మీద రాయించుకోవడం. ఒక్క రోజులో అయిపోతుంది, చవక, అందుకే ఏజెంట్లందరూ ఇదే చెప్తారు. కానీ ఆ అఫిడవిట్‌ను ఒక ఆఫీసు ఒప్పుకుంటే ఇంకో ఆఫీసు ఒప్పుకోదు, రేపు అక్కడికి పోయాక బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడో రెసిడెన్స్ కార్డు తీసుకునేటప్పుడో మళ్లీ అదే కథ చెప్పాలి. మూడోది పదో తరగతి పేరునే పునాదిగా పెట్టుకుని ఆధార్, పాన్, బ్యాంకు, పాస్‌పోర్టు అన్నీ దానికి సరిపోయేలా మార్చుకోవడం. నా ఓటు దీనికే. నెలా రెండు నెలలు పట్టినా ఒక్కసారితో పీడ పోతుంది.

మూడో దారిలో ఒక జాగ్రత్త ఉంది. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకని మీసేవలో కుర్రాడు టైపు చేస్తున్నప్పుడు పక్కనే నిలబడి అక్షరం అక్షరం చూసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి, సొంత పేరు గడి విడివిడిగా ఉంటాయి, రెండూ నింపండి. అంతా ఒకే గడిలో పోసి రెండోది ఖాళీగా వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు. యూఏఈ అయితే 2022 నవంబరు నుంచి ఒకే పేరుండి, రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో కూడా లేని పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వడం మానేసింది. పాస్‌పోర్టు మళ్లీ తీయించుకోవడానికి 36 పేజీలదానికి ఫీజు 1,500 రూపాయలు, కడప హెడ్ పోస్టాఫీసులో ఉన్న పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే అయిపోతుంది. దీనికి కూడా మూడు వేలూ నాలుగు వేలూ తీసుకునే మధ్యవర్తులున్నారు. సైటులో ఫారం నింపి స్లాటు పెట్టుకోవడం తప్ప వాళ్లు చేసేదేమీ లేదు.

బర్త్ సర్టిఫికెట్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. చదువు వీసాకు చాలా దేశాలు అడగవు, భార్యాపిల్లల్ని తీసుకుపోవాలన్నా పీఆర్‌కు, అంటే అక్కడే శాశ్వతంగా ఉండే అనుమతికి పోవాలన్నా మాత్రం అడుగుతారు. పాతకాలపు తెలుగు చేతిరాత సర్టిఫికెట్ ఉంటే రెండు పనులు చేయొచ్చు: అనువాదం చేయించడం, లేదంటే పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో అడిగి ఇప్పటి కంప్యూటర్ సర్టిఫికెట్ కొత్తగా తీసుకోవడం. రెండోదే మేలు, దాంట్లో ఇంగ్లీషు కూడా ఉంటుంది కాబట్టి అనువాదం గొడవే ఉండదు. ఇంట్లో కాన్పయి అసలు నమోదే కానివాళ్లు, మా అమ్మ తరంలో సగం మంది అంతే, వాళ్లు ముందు "మా రికార్డులో లేదు" అన్న కాగితం తీసుకుని ఆలస్యపు నమోదుకు పోవాలి. ఏడాది దాటిన జననాలకు ఒకప్పుడు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చేది, 2023 అక్టోబరు 1 నుంచి చట్టం మారింది, ఇప్పుడు కలెక్టరు గానీ ఆర్డీవో స్థాయి అధికారి గానీ ఉత్తర్వు ఇస్తే చాలు. విచారణ ఉంటుంది కాబట్టి నెలలు పట్టొచ్చు. వీసాకు పెట్టే ఏడాదిలో మొట్టమొదట మొదలుపెట్టాల్సిన పని ఇదే.

కన్సల్టెన్సీ, ఏజెంటు, మనం

చదువుకు పోయేవాళ్లకు కన్సల్టెన్సీలు "ఫీజు లేదు, అంతా ఉచితం" అంటాయి. ఆ ఉచితం ఎక్కడ నుంచి వస్తుందో తెలుసుకోండి. పిల్లల్ని చేర్పిస్తే కొన్ని యూనివర్సిటీలు వాళ్లకు కమిషన్ ఇస్తాయి. అందుకే కమిషన్ ఇచ్చే యూనివర్సిటీల పేర్లే మన ముందు పెడతారు. జర్మనీలో ఫీజు పెద్దగా లేని ప్రభుత్వ యూనివర్సిటీల నుంచి వాళ్లకు ఏమీ రాదు, కాబట్టి అక్కడికి పోతామంటే మన దగ్గర డబ్బు అడుగుతారు, లేకపోతే లక్షల ఫీజుండే ప్రైవేటు యూనివర్సిటీ వైపు మళ్లిస్తారు. అందరూ మోసగాళ్లని అనడం లేదు, వాళ్ల బతుకుతెరువు అది. మనం ఎవరి లాభం చూస్తున్నామో మనకు గుర్తుండాలి, అంతే.

మా తమ్ముడి విషయంలో జరిగింది చెప్తాను. జర్మనీకి పోవాలంటే మన డిగ్రీ అసలుదేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి, 2022 నవంబరు 1 నుంచి భారతీయ విద్యార్థులకు తప్పనిసరి చేశారు, ఫీజు 18,000 రూపాయలు. మేం ఒక కన్సల్టెన్సీకి ఇచ్చాం. వాళ్లు దరఖాస్తులో మా తమ్ముడి ఈమెయిల్ పెట్టకుండా తమది పెట్టుకున్నారు, ఫోన్ నంబరు కూడా తమదే. ఒక మార్కుల మెమో స్కాన్ సరిగా లేదని వచ్చిన మెయిల్ మూడు వారాలు ఎవరూ తెరవలేదు. మేం ప్రతి సోమవారం ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉందమ్మా" అనేవాళ్లు. ఆ మూడు వారాలు మా నాయన అన్నం సరిగా తినలేదు. అప్పటికే ఒరిజినల్స్ కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి, అవి వెనక్కి తీసుకోవడానికి నేను రెండుసార్లు తిరిగాను. ఆ తరవాత అంతా ఇంట్లోనే చేశాం. అదేమీ బ్రహ్మవిద్య కాదు. వీసా దరఖాస్తు కూడా ఇప్పుడు జర్మనీ కాన్సులర్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే నింపి, కాగితాలు అప్‌లోడ్ చేసి, పిలిచిన రోజు వేలిముద్రలకు పోవడమే. వీసా ఫీజు 75 యూరోలు.

కాబట్టి కన్సల్టెన్సీని పెట్టుకోవాలనే అనుకుంటే, పెట్టుకోండి, ఇంట్లో ఇంగ్లీషు ఫారాలు చదివేవాళ్లు లేకపోతే అది తప్పు కాదు. కానీ ఈమెయిల్, ఫోన్ నంబరు, పాస్‌వర్డ్ మీవే ఉండాలి. ఒరిజినల్స్ ఇవ్వొద్దు, స్కాన్లు చాలు. ఎస్‌వోపీ, అంటే ఆ చదువు ఎందుకో చెప్పే వ్యాసం, మీరే రాయండి, ఎందుకు ఆ కోర్సు అని ఇంటర్వ్యూలో అడిగితే జవాబు చెప్పాల్సింది మీరే కదా. పంపే ముందు నింపిన ఫారం మొత్తం మీకు చూపించాలని ముందే కాగితం మీద రాయించుకోండి.

యూనివర్సిటీ కాగితాలకు మాత్రం ఎవరినీ పంపకండి. పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో), ఒరిజినల్ డిగ్రీ, ట్రాన్‌స్క్రిప్ట్స్ ఈ నాలుగూ ఒకేసారి పెట్టుకోండి. జేఎన్‌టీయూ అనంతపురం వాళ్లయినా, ఎస్కేయూ వాళ్లయినా, మన యోగివేమన వాళ్లయినా కాలేజీలో బ్యాక్‌లాగుల లెక్క, పేరు అక్షరాలు సరిచూసుకున్నాకే యూనివర్సిటీకి పోండి. పొద్దున్నే బస్సెక్కి అనంతపురం పోయి, పేరులో ఒక అక్షరం తప్పుందని సాయంత్రానికి ఊరికే తిరిగొచ్చినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు.

డబ్బు చూపించడం: అసలు నిర్ణయం ఇక్కడే

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడ, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ప్రతి దేశం తన పద్ధతిలో అడుగుతుంది. జర్మనీకి బ్లాక్డ్ అకౌంట్, ఏడాదికి 11,904 యూరోలు ముందే వేయాలి, అక్కడికి పోయాక నెలకు 992 యూరోల చొప్పున మనకే తిరిగి వస్తాయి. మన రూపాయల్లో దాదాపు 12 లక్షలు. కెనడాకు చాలామంది జీఐసీ, అంటే అక్కడి బ్యాంకులో ముందే వేసే డిపాజిట్ చేస్తారు, 2025 సెప్టెంబరు నుంచి ఒక్క మనిషికి ఖర్చుల కింద చూపించాల్సింది 22,895 కెనడా డాలర్లు, ట్యూషన్ ఫీజు దీనికి అదనం. బ్రిటన్ వాళ్లకు డబ్బు వాళ్ల దగ్గర వేయనక్కర్లేదు, కానీ మన ఖాతాలో వరుసగా 28 రోజులు ఉండాలి, ఒక్క రోజు ఒక్క రూపాయి తగ్గినా ఆ 28 రోజుల లెక్క పోయినట్టే. ఆ స్టేట్‌మెంట్ చివరి తేదీ నుంచి 31 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి.

ఇప్పుడు ఆ డబ్బు ఎక్కడ నుంచి తేవాలి? సొంత డబ్బు, బ్యాంకు రుణం, ప్రైవేటు ఫైనాన్స్ రుణం, ఇంకోటి ఊళ్లో గుట్టుగా నడిచే "ఫండ్స్ చూపించడం".

చివరిదాన్ని మొదటే తీసేస్తా. మీ ఖాతాలో కొన్నాళ్లు డబ్బు వేసి, స్టేట్‌మెంట్ తీసుకున్నాక తీసేసుకుని, దానికి కమిషన్ తీసుకుంటారు. లేకపోతే ఏకంగా దొంగ ఎఫ్‌డీ బాండ్లు చేసిస్తారు. దయచేసి ఆ దారి తొక్కొద్దు. అబద్ధపు కాగితం దొరికితే కెనడా 5 ఏళ్లు, బ్రిటన్ 10 ఏళ్లు రానివ్వకుండా చేయగలవు. 23 ఏళ్ల పిల్లాడికి పదేళ్లంటే ఎంతో ఆలోచించండి. పైగా వీసా వచ్చినా అక్కడ బతకడానికి నిజమైన డబ్బు లేకపోతే మొదటి నెల నుంచే అద్దెకు అప్పు చేయాలి.

సొంత డబ్బు ఉంటే అంతకన్నా హాయి లేదు, కానీ లెక్క చూపించేలా ఉండాలి. మొన్నటిదాకా ఇరవై వేలు ఉన్న ఖాతాలో ఉన్నట్టుండి పది లక్షలు పడితే ఎక్కడిదని అడుగుతారు. వేరుశనగ అమ్మినదో, స్థలం అమ్మినదో అయితే రసీదు, రిజిస్ట్రేషన్ కాగితం జత చేయండి. చీటీ పాట డబ్బు, ఇంట్లో దాచిన నగదు అయితే కనీసం ఆరు నెలల ముందే బ్యాంకులో వేసి ఉంచండి. ఇంకో విషయం, మనం బయటికి పంపే డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటితే దాటిన మొత్తం మీద బ్యాంకు టీసీఎస్, అంటే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. ఐటీ రిటర్నులో చూపించి వెనక్కి తీసుకోవచ్చు, అయినా పంపే రోజు ఆ డబ్బు చేతిలో ఉండాలి కదా. బ్యాంకు నుంచి తీసుకున్న విద్యా రుణంతో పంపితే ఈ టీసీఎస్ లేదు.

ప్రభుత్వ బ్యాంకు రుణం వడ్డీలో చవక. పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకు కట్టిన వడ్డీ మీద 8 ఏళ్ల దాకా పన్ను మినహాయింపు కూడా ఉంది. కానీ మనవైపు చిక్కు పూచీ దగ్గర వస్తుంది. మామూలు పద్ధతిలో 4 లక్షల దాకా పూచీ లేదు, 7.5 లక్షల దాకా ఇంకొకరి హామీ, ఆ పైన ఆస్తి తాకట్టు. పైగా విదేశీ చదువుకు ఖర్చులో 15 శాతం మనమే పెట్టుకోవాలి. ఐదెకరాల పొలం ఉంది కదా అని మా నాయన ధీమాగా పోయాడు, వ్యవసాయ భూమిని చదువు రుణానికి మామూలుగా తాకట్టు పెట్టుకోరని అక్కడ తెలిసింది. ఊళ్లో ఇల్లు గ్రామకంఠంలో ఉంటే రిజిస్టర్డ్ దస్తావేజు ఉండదు, అదీ పనికిరాదు. చివరికి టౌనులో ఉన్న మేనమామ ఇల్లు పెట్టాం. ఈసీ (ఆస్తి మీద అప్పులున్నాయో లేవో చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు, లాయరు ఒపీనియన్, ఇంజనీరు వాల్యుయేషన్ ఇవన్నీ అయ్యేసరికి దగ్గర దగ్గర రెండు నెలలు. ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలు ఆస్తి లేకుండా కూడా త్వరగా ఇస్తాయి, వడ్డీ ఎక్కువ, చదివేటప్పుడే నెలనెలా వడ్డీ కట్టమంటాయి.

నేనైతే ఇట్లా చెప్తాను. టౌనులో రిజిస్టర్ అయిన ఇల్లో స్థలమో ఉండి, చేతిలో నాలుగు నెలల టైం ఉంటే ప్రభుత్వ బ్యాంకే. ఆస్తి లేకుండా మంచి యూనివర్సిటీ సీటు మాత్రమే చేతిలో ఉంటే ప్రైవేటు, కానీ నెల వడ్డీ ఎంతో, అది ఇంట్లో ఎవరి జీతం నుంచి వస్తుందో రాసుకున్నాకే సంతకం పెట్టండి. రెండూ కుదరకపోతే ఒక ఏడాది ఆగి ఉద్యోగం చేసి పోయినా ఏమీ మునిగిపోదు.

ముద్రలు: అపోస్టిల్ ఒకటి, అటెస్టేషన్ ఒకటి

సర్టిఫికెట్ల మీద ముద్రలు వేయించే పని మాత్రం ఏజెంటుకు ఇవ్వొచ్చు. పోయే దేశం హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో ఉండి, మన దేశపు అపోస్టిల్‌ను ఒప్పుకునేదైతే మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ స్టిక్కర్ ఒక్కటే చాలు. ఆ ఒప్పందం మన దేశానికి 2005 నుంచి అమల్లో ఉంది, సౌదీ 2022 డిసెంబరులో, కెనడా 2024 జనవరిలో చేరాయి. కువైట్, ఖతార్, యూఏఈ అందులో లేవు, కాబట్టి వాటికి రాష్ట్ర స్థాయి ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, ఆ తరవాత ఆ దేశపు ఎంబసీ ముద్ర, ఇలా వరసగా వేయించుకోవాలి, దీన్నే అటెస్టేషన్ అంటారు. విదేశాంగ శాఖ మన దగ్గర నేరుగా తీసుకోదు, తను పెట్టిన ఏజెన్సీల ద్వారానే తీసుకుంటుంది. అపోస్టిల్‌కు ప్రభుత్వ ఫీజు పత్రానికి 50 రూపాయలే, ఏజెన్సీ సేవా రుసుము కొంచెం అదనం. ఈ సంగతి తెలిసి ఉంటే ఒక్క డిగ్రీకి ఎవరైనా ఎనిమిది వేలు అడిగినప్పుడు ఎందుకని నిలదీయొచ్చు. ఎంబసీ ముద్రలు కూడా ఉంటే ఖర్చు నిజంగానే పెరుగుతుంది, అది వేరే సంగతి. ఏ దేశానికి ఏది కావాలో ఆ దేశం ఇచ్చిన చెక్‌లిస్టులో చూసుకున్నాకే ముద్ర వేయించండి, అడగని కాగితానికి ముద్ర వేయించి డబ్బు పోగొట్టుకోకండి.

కువైట్ పోయేవాళ్లకు

రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు కాబట్టి అందరికీ అన్నీ తెలుసనుకుంటాం. మా పిన్ని కొడుకు పదో తరగతి తప్పాడు, పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే పనికి పోయే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సింది. ఈసీఆర్ పాస్‌పోర్టుతో కువైట్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటు ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పదు. అది తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద పొమ్మని ఒకాయన చెప్పాడు, తొందరగా అవుతుందని ఆశ కూడా పెట్టాడు. ఇంకొకరు ఆజాద్ వీసా అన్నారు, అంటే కాగితం మీద ఒక కఫీలు (వీసా ఇచ్చే యజమాని), పని ఇంకెక్కడో. పట్టుబడితే కఫీలు తనకు తెలియదంటాడు, జైలూ డిపోర్టేషనూ మనవాడికే.

మేం రిజిస్టర్డ్ ఏజెంటునే పట్టుకున్నాం. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. అతను తీసుకోగలిగిన సర్వీసు చార్జి 30,000 రూపాయలు, పైన జీఎస్‌టీ, అంతకన్నా ఒక్క రూపాయి ఎక్కువ అడగకూడదు. లైసెన్సు ఉన్నాయన కింద ఊళ్లో తిరిగే సబ్ ఏజెంట్లకు చట్టంలో చోటే లేదు, వాళ్ల చేతికి డబ్బు ఇవ్వొద్దు. క్లియరెన్స్ దారిలో పోతే జీతం, పని రాసిన కాంట్రాక్టు ప్రభుత్వం దగ్గర ఉంటుంది, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయలతో 10 లక్షల ప్రమాద బీమా కూడా వస్తుంది. నెల ఆలస్యమైంది, నిజమే. కానీ వాడికి అక్కడ రెండో నెల జీతం ఆగినప్పుడు చూపించడానికి ఆ కాంట్రాక్టు కాగితం చేతిలో ఉంది. ఇంట్లో ఆడవాళ్లను పంపేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, ఈసీఆర్ పాస్‌పోర్టున్న ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండకపోతే క్లియరెన్స్ ఇవ్వరు. వయసు పెంచి రాయిస్తామనేవాళ్లను గడప కూడా తొక్కనివ్వొద్దు.

ఏది ముందు, ఏది చివర

ఆలస్యమయ్యేవి ముందు, గడువు తీరేవి చివర. పేరు దిద్దుబాటు, బర్త్ సర్టిఫికెట్, యూనివర్సిటీ కాగితాలు, రుణం మొదట. పీసీసీ (పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్), మెడికల్, బ్యాంకు స్టేట్‌మెంట్ చివర. పీసీసీకి 500 రూపాయలు, అదీ పాస్‌పోర్టు సైటులోనే పెట్టుకోవాలి, చాలా దేశాలు ఆరు నెలలు దాటినదాన్ని ఒప్పుకోవు కాబట్టి తొందరపడి ముందే తీసుకోవద్దు. పాస్‌పోర్టు మీది చిరునామాలో మీరు ఇప్పుడు లేకపోతే దీనికి పోలీసు విచారణ సాగుతుంది, ఆ వారాలు కూడా లెక్కలో వేసుకోండి. గల్ఫ్ మెడికల్‌ను వఫీద్ సైటులోనే బుక్ చేసుకోవాలి, ఇంతకుముందు గామ్కా అనేవాళ్లు.

వేలిముద్రలకు ఏ ఊరు అనేది దేశాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌కైతే ఏ సెంటరైనా పర్వాలేదు, కాబట్టి అనంతపురం వాళ్లకు బెంగళూరు, కర్నూలు వాళ్లకు హైదరాబాదు దగ్గర. కొన్ని దేశాలు చిరునామాను బట్టి సెంటరు కేటాయిస్తాయి, స్లాటు పెట్టుకునే ముందే చూసుకోండి. కడప నుంచి మేం వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కి పొద్దున కాచిగూడలో దిగాం. స్లాటు పదిన్నరకు పెట్టుకున్నాం, రైలు గంట ఆలస్యమైనా సరిపోయింది. ఒరిజినల్స్ ఒక ఫైలు, జిరాక్సులు రెండు సెట్లు ఇంకో ఫైలు, చెక్‌లిస్టు వరుసలోనే అమర్చుకుని పోయాం. కౌంటర్లో అమ్మాయి ఒక్కో పేరు చదువుతుంటే తమ్ముడు ఒక్కో కాగితం తీసి ఇచ్చాడు, ఇరవై నిమిషాల్లో బయటికొచ్చాడు.